రాశి పేగుల మీద ఉన్న రోజు

"ఆ మేకు పీకి పారేస్తానమ్మా, నువ్వేమనుకున్నా సరే," అన్నాడు ఆర్లిస్.

కాఫీ పొయ్యి మీంచి దించేటప్పుడు మొదలైన గొడవ, కప్పులు కడిగే వేళకి కూడా తెగలేదు.

"పీకి చూడు. అదే మేకుకి నిన్ను తగిలిస్తాను," అంది వాళ్ళమ్మ డెల్ఫియా. డెబ్బై దాటిన మనిషి. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

గొడవంతా గోడ మీద కొత్తగా వెలిసిన ఫోటో గురించి. ఫోటోలో డెల్ఫియా వసారాలో కూచుని చిక్కుళ్ళకి పీచు తీస్తోంది. కాళ్ళకి చెప్పుల్లేవు. వెనకాల ఎప్పుడో పాడైపోయిన బట్టలుతికే మిషను, దాని మీద నిద్రపోతున్న పిల్లి.

"ఏముందందులో? చెప్పుల్లేని ముసలమ్మ, తుప్పు పట్టిన మిషను. రేపది పత్రికలో పడితే న్యూయార్కు వాళ్ళంతా అయ్యో పాపం అనుకుంటారు. అదేనా నీక్కావలసింది?"

"నా వసారాలో నాకు చెప్పులెందుకురా? ఆ ఫోటో తీసిన అబ్బాయి నా పక్కన కూచుని అరబుట్ట చిక్కుళ్ళు ఒలిచాడు. నువ్వీ ఏడాది ఒక్క కాయైనా ఒలిచావా?"

"చచ్చినవాడు తీసిన ఫోటో ఇంట్లో ఉంచుకోకూడదు."

"చచ్చినవాళ్ళ ఫోటోల మీద బతికిన ఇల్లురా ఇది! శవపేటికలో పడుకోబెట్టిన ప్రతివాడికీ ఫోటో తీసి, కడిగి, చుట్టాల చేతిలో పెట్టకుండా మీ నాన్న ఒక్క శవాన్నైనా సాగనంపాడా?"

ఆర్లిస్ విసురుగా గోడ వైపు చెయ్యి చాపాడు. చిన్నప్పుడు కంచర గాడిద మీంచి పడి విరిగి, వంకరగా అతుక్కున్న కుడి చెయ్యి. మోచేయి నిండా చాపుకోదు. మేకు అందలేదు. ఆ చెయ్యి దించేసి, "బావా, నువ్వైనా చెప్పు," అన్నాడు.

ఓర్ఫా మొగుడు హోబర్ట్ దగ్గు ఆపుకుని, "నాకు గోడ కూలకుండా ఉంటే చాలోయ్. దాని మీద ఏం తగిలించినా ఫరవాలేదు," అన్నాడు. గని ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిన మనిషి. గనిలో సమ్మె మొదలైన దగ్గర్నించీ ఇంట్లో గొడవల్లో ఎటూ మొగ్గడం మానేశాడు.

ఆర్లిస్ అక్క ఓర్ఫా పళ్ళేలు తుడుస్తోంది. ఆమె ఏప్రన్ జేబులో రెండు కాగితాలున్నాయి. ఆ ఫోటో తీసిన మనిషి ఎలా చచ్చిపోయాడో ఈ సాయంత్రంలోగా ఆమె తేల్చాలి.

అతని పేరు కాస్పర్ లిండ్. సొంత ఊరు మినెసోటాలో ఎక్కడో ఉందనేవాడు గానీ అక్కడున్నది తక్కువ. హైతీ, ఎల్ సాల్వడార్, సూడాన్ తిరిగొచ్చినవాడు. తుపాకులు పేలే ఊరికి వెళ్ళి, తుపాకుల్ని వదిలేసి, పక్కింట్లో రొట్టె ఎలా కాలుస్తున్నారో ఫోటో తీసే రకం. ఈ బొగ్గు లోయకి వేసవి చివర్లో వచ్చాడు. మొదట్లో అతని మీదికి కుక్కల్ని వదిలారు. ఇలాంటివాళ్ళు ఇదివరకు చాలామంది వచ్చి, జనం దరిద్రాన్ని కెమెరాలో వేసుకుపోయి మళ్ళీ మొహం చూపించలేదు మరి. లిండ్ మాత్రం మళ్ళీ వచ్చేవాడు. ఎవరింట్లో ఫోటో తీస్తే మొదటి కాపీ ఆ ఇంటికే. పత్రికకి ఆ తర్వాతే.

నిన్న పొద్దున్న వాగు మీది ఊగే వంతెన కింద, రాళ్ళ మధ్య దొరికాడు. తల వెనక పగిలి ఉంది. జేబులో విస్కీ సీసా. మెడలో కెమెరా.

అనుమానంగా పోయిన ప్రతి మనిషి చావుకీ కారణం రాసి సంతకం పెట్టడం కౌంటీ కరోనరు పని. ఓర్ఫా తండ్రి అంత్యక్రియల ఇల్లు నడుపుతూ ఆ పనీ చేశాడు. ఆయన పోయాక రెండూ ఆమెకి వచ్చాయి. పదవికి ఓట్లు పడ్డాయి, శవపేటికలకి అవి కూడా అక్కర్లేకపోయింది.

"తాగి పడ్డాడు, అంతేగా అక్కా," అన్నాడు ఆర్లిస్. "ప్రమాదం అని రాసి పడెయ్. లవెల్ కూడా అదేగా అంటున్నాడు."

"షెరీఫు ఏమంటున్నాడో నీకెవరు చెప్పారు?"

"ఊరంతా అదే అంటోంది."

"ఊరంతా ఇంకో మాట కూడా అంటోంది. మొన్న సోమవారం దుకాణం ముందు, నీ కెమెరాతో సహా నిన్ను వాగులో పడేస్తానని ఎవరో అతన్ని బెదిరించారట."

ఆర్లిస్ మొహం ఎర్రబడింది. "అమ్మ ఫోటో చూసిన కోపంలో అన్నానక్కా. అన్నవన్నీ చేస్తే ఈ పాటికి నేను సగం కౌంటీని చంపి ఉండాలి."

"సరే. ఈ పళ్ళేలు నువ్వు తుడువు," అని గుడ్డ వాడి భుజం మీద వేసి ఓర్ఫా కారు తాళాలు తీసుకుంది.

*

ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా రోడ్డు మీంచే కేక వెయ్యాలి. చెప్పకుండా వసారా ఎక్కినవాడికి ముందు తుపాకీ గొట్టం కనిపిస్తుంది, ఆ తర్వాతే మనిషి.

"లూడీ పెద్దమ్మా! నేను, ఓర్ఫాని!"

"విన్నాన్లే! శవాల్ని లేపేట్టున్నావు. రా లోపలికి!"

లూడీ ఫ్యూగేట్ ఒంటరి ముసలమ్మ. ఇల్లు వాగు గట్టు మీద, వాగు వైపుకి వంటగది. ఓర్ఫా కూచోకముందే బల్ల మీదికి మొక్కజొన్న రొట్టె, మజ్జిగ వచ్చాయి.

"లిండ్ గురువారం ఇక్కడికి వచ్చాడా?"

"వచ్చాడు. పొద్దున్న కోళ్ళకి గింజలేస్తున్నాను. గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు."

"మధ్యాహ్నం?"

"రాలేదు."

ఓర్ఫా జేబులోంచి ఒక కాగితం తీసింది. "ఇందులో వచ్చాడని ఉంది. మధ్యాహ్నం నువ్వు వంటగదిలో క్యాబేజీ తరిగి, ఉప్పేసి, జాడీకెత్తుతున్నావట. అతను సీసా ఎత్తి తాగుతూ ఫోటోలు తీశాడట. సాయంత్రం తూలుకుంటూ వంతెన వైపు వెళ్ళాడట."

కత్తి తుడుస్తున్న లూడీ చెయ్యి ఆగింది. "ఎవడన్నాడా మాట?"

"క్రాండల్. గని కంపెనీ కాపలాదార్ల నాయకుడు. దారిన పోతూ తలుపులోంచి చూశాట్ట."

"గురువారం?"

"గురువారం."

"గురువారం నేను క్యాబేజీ జాడీకెత్తానా!" లూడీ గొంతు కీచుమంది. "ఆ క్యాలెండరు నువ్వు పంచిందేగా? చూడు, చూడవే! గురువారం రాశి ఎక్కడుందో చూడు!"

ఓర్ఫా చూడనక్కర్లేదు. ఏటేటా కొత్త సంవత్సరానికి తన సంస్థ పేరుతో ఆ క్యాలెండర్లు అచ్చేయించి ఇంటింటికీ ఇచ్చేది తనే. అందులో ఒక మనిషి బొమ్మ ఉంటుంది. చంద్రుడు ఏ రోజు ఏ రాశిలో ఉంటే, ఆ రోజు ఒంట్లో ఒక భాగానిది. తల, మెడ, చేతులు, రొమ్ము, గుండె, పేగులు, అలా పాదాల దాకా. చేతుల మీద ఉన్నప్పుడు చిక్కుళ్ళు నాటాలి. గుండె మీద ఉన్నప్పుడు పన్ను పీకించుకోకూడదు. పేగుల మీద ఉన్న రోజున క్యాబేజీ జాడీకెత్తితే మురుగు కాలవ కంపు కొట్టి, జాడీతో సహా పారబొయ్యాలి. లోయలో పాస్టరు గారి మాట విననివాళ్ళుంటారు గానీ క్యాలెండరు మాట విననివాళ్ళు లేరు.

"పేగుల మీద," అంది ఓర్ఫా నెమ్మదిగా.

"పేగుల మీద! ఆ రోజు జాడీకెత్తితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా చెవి మెలేస్తుంది. నాకు మతి పోయిందనుకున్నాడా ఆ క్రాండలు?"

"మరెప్పుడు ఎత్తావు?"

"అంతకు ముందు శనివారం. రొమ్ము మీదున్నప్పుడు. ఆ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు నాతో. తాగాడా, తాగాడు, నా మజ్జిగ రెండు గ్లాసులు! సారా వాసనంటేనే వాడికి పడదు. సూడానులో కామెర్లొచ్చాయట, డాక్టరు మానిపించాడట."

"శనివారం క్రాండల్ చూసి, రోజు తప్పు చెప్పి ఉండచ్చుగా?"

"ఎలా చూస్తాడు? కుక్కలు దూరతాయని వీధి తలుపు గడియ పెట్టాను. ఉన్నది ఆ ఒక్క కిటికీ. వాగు మీదికి. దాంట్లోంచి తొంగి చూడాలంటే వాడికి రెక్కలుండాలి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి నువ్వు క్యాబేజీ ఎత్తిన సంగతి క్రాండల్‌కి ఎలా తెలిసింది పెద్దమ్మా?"

లూడీ కత్తి బల్ల మీద పెట్టేసింది. "ఫోటో చూసి ఉండాలి," అంది. "కానీ ఆ ఫోటో నేనే చూళ్ళేదే! గురువారం పొద్దున్న గేటు దగ్గర అదే చెప్పాడు. నీ ఫోటో బాగా వచ్చిందమ్మా, కానీ ఇవాళ ఇవ్వలేను, అందులో ఒక సంగతుంది, ముందు షెరీఫుకి చూపించి, ఆయన జవాబు విని వస్తానన్నాడు."

"ఏం సంగతి?"

"చెప్పలేదు. ఎప్పుడూ నవ్వే మొహం, ఆ రోజు లేదు."

"ఇంకొక్కటి. అతని కెమెరాలో రీలు లేదు."

"వాడి కెమెరాలోనా? నాకు నమస్కారం చెప్పేముందు రీలెక్కించేవాడు! ఖాళీ కెమెరా మెడలో వేసుకోవడం కంటే బట్టల్లేకుండా తిరగడం నయం అనేవాడు, సిగ్గులేనివాడు," అంది లూడీ. నవ్వబోయి, కొంగులాంటి శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

ఓర్ఫా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వాగు అవతల గట్టు మీద కంపెనీ జనరేటరు షెడ్డు, నల్లగా కాలిపోయి, కప్పు లేకుండా ఉంది. క్యాబేజీ ఎత్తిన శనివారం సాయంత్రమే అది తగలబడింది. సమ్మెకారులే తగలబెట్టారని లవెల్ ఇద్దర్ని జైల్లో వేశాడు. గని గేటు ముందు ఎవరూ గుమిగూడకూడదని సోమవారం జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. సమ్మె నడుం ఆ రోజే విరిగింది.

మజ్జిగ గ్లాసు అలాగే వదిలేసి ఆమె బయల్దేరింది.

*

లిండ్ అద్దెకున్నది మూతపడ్డ బడి వెనక గదిలో. తాళంచెవి షెరీఫు ఆఫీసు పంపిన కవరులోనే ఉంది. శవం జేబులో దొరికిన వస్తువుల్లో అదొకటి. అంటే నిన్నంతా అది లవెల్ దగ్గరుంది.

కిటికీలకి తారు కాగితం. ఎర్ర బల్బు. మూడు ట్రేలలో మందునీళ్ళు ఇంకా ఉన్నాయి. గోడ నించి గోడకి కట్టిన తీగ మీద బట్టల క్లిప్పులు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో క్లిప్పు మీద సిరాతో ఒక్కో ఇంటి పేరు. ఎవరి ఫోటో వాళ్ళకి చేరాలి కదా. ఫ్యూగేట్ అని రాసిన క్లిప్పు కింద నేల మీద తడి ఆరిన మచ్చలున్నాయి. ఫోటో మాత్రం లేదు. ఏ క్లిప్పుకీ లేదు. నెగెటివ్‌లు పెట్టుకునే రేకు పెట్టె తెరిచి ఉంది, ఖాళీగా.

చిందరవందర లేదు. పరుపు చింపలేదు, సొరుగులు కుమ్మరించలేదు. వచ్చినవాడికి భయమూ లేదు, తొందరా లేదు. కనిపించిన ఫోటోలన్నీ దులుపుకుపోయాడు. ఫోటో అంటే కాగితం, నెగెటివ్ అంటే పెట్టెలో ఉండేది అనుకునేవాడు.

ఓర్ఫా చిన్నప్పుడు బడి నించి వచ్చాక ఆడుకున్నది తండ్రి డార్క్‌రూములో. పని మధ్యలో లేచి వెళ్ళే ఫోటోగ్రాఫరు నెగెటివ్‌ని ఎక్కడ వదిలేస్తాడో ఆమెకి తెలుసు. మూల బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న, బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జరు దగ్గరికి వెళ్ళి, గుడ్డ తీసి, బల్బు కింది పలక లాగింది.

నెగెటివ్ ముక్క అందులోనే ఉంది.

పలక లోపలికి తోసి, తలుపు మూసి, మీట నొక్కింది. బల్ల మీద తిరగబడ్డ లోకం ఒకటి వెలిగింది. తెల్లగా ఉండాల్సిన లూడీ జుట్టు నల్లగా, పిండి రంగు చేతులు బొగ్గులా, క్యాబేజీ చీకటి ముద్దలా. వాటి వెనక కిటికీ. కిటికీలో షెడ్డు. షెడ్డు పక్కన తెల్లటి కారు, దాని తలుపు మీద నల్లటి నక్షత్రం. తిరగేసి చదువుకుంటే నల్ల కారు, తెల్ల నక్షత్రం.

కౌంటీలో అలాంటి కారు ఒక్కటే ఉంది, షెరీఫుది.

కారుకీ షెడ్డుకీ మధ్య చీమల్లా ఇద్దరు మనుషులు. చేతుల్లో డబ్బాలు.

బయట కంకర మీద చక్రాల చప్పుడైంది. ఓర్ఫా మీట ఆర్పింది. నెగెటివ్ లాగి రవికెలో దాచుకుని, గుడ్డ కప్పేసేసరికి తలుపు తెరుచుకుంది.

"సంతకం పెట్టమని కాగితమిస్తే, నువ్వు గదులు ఊడుస్తున్నావేంటి ఓర్ఫా?" అన్నాడు షెరీఫు లవెల్ స్టాంపర్. టోపీ తియ్యలేదు.

"ఊడవడానికేం మిగిల్చారు? నాకంటే ముందే ఎవరో శుభ్రంగా ఊడ్చేశారు."

"పత్రికవాళ్ళు పంపమన్నారేమో."

"పత్రికవాళ్ళకి అతను పోయిన సంగతి నిన్న సాయంత్రం నేను ఫోన్ చేసేదాకా తెలీదు. ఇంకోటి చెప్పు."

లవెల్ నవ్వాడు. ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ నవ్వు అప్పట్నించీ ఓర్ఫాకి పడదు. లెక్కలు పక్కవాడి పలక చూసి రాసి, మాస్టారు మెచ్చుకుంటే నవ్వే నవ్వు.

"తాగాడు, పడ్డాడు, పోయాడు. నీకెక్కడ అడ్డం తగిలింది?"

"జాడీ దగ్గర."

"ఏ జాడీ?"

"లూడీ పెద్దమ్మ క్యాబేజీ జాడీ. గురువారం ఎత్తిందని మీ క్రాండల్ చెప్పాడు. గురువారం రాశి ఎక్కడుంది లవెల్?"

అతను తల తిప్పి ఖాళీ తీగ వైపు చూశాడు.

"క్రాండల్ ఒహాయో నించి దిగాడు. వాడికి తెలీదు, వాడి తప్పు లేదు. కానీ ఆ వాంగ్మూలం టైపు చేసింది నువ్వు. జాడీకెత్తే ముందు క్యాలెండరు చూసి రమ్మని మీ అమ్మ నిన్నే పరిగెత్తించేది. ఒకసారి నువ్వు తప్పు రోజు చెప్పావని గరిటె తిరగేసి కొట్టింది, బడికొచ్చి ఏడిచావు. గురువారం అని టైపు చేసేటప్పుడు నీ వేలు ఒక్క క్షణం ఆగలేదా?"

లవెల్ టోపీ తీశాడు. లోపలి అంచు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "రోజు పొరబడి ఉంటాడు."

"పొరబడడానికి శనివారం కూడా వాడక్కడ లేడు. ఆ వంటగదిలో ఉన్నది ఆమె, లిండ్, ఒక కెమెరా. వాడు చూసింది ఫోటో. ఆ ఫోటో ఈ తీగ మీద ఆరుతూ ఉండింది. ఈ గది తాళంచెవి శవం జేబులోంచి నీ చేతికొచ్చింది. ఇప్పుడు నువ్వే లెక్క కట్టు, పక్కవాడి పలక చూడకుండా."

లవెల్ వెనక్కి చెయ్యి చాపి తలుపు మూశాడు.

"ఆ ఫోటో నీ దగ్గరుందా?" అన్నాడు లవెల్. అడిగిన తీరు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం ఆమె చేతుల మీదికి, బల్ల మీదికి, గుడ్డ మీదికి పాకాయి.

"ఉంటే నీతో ఇంతసేపు వాదిస్తానా?"

"మంచిది." అతను తలుపుకి ఆనుకున్నాడు. "హత్య అని రాయాలనుకుంటే రాసుకో. నువ్వు రాస్తే నేను హంతకుణ్ణి వెతకాలి. ఎక్కడ మొదలుపెట్టమంటావు? వాగులో పడేస్తానని నలుగురి ముందు అరిచింది ఎవరు?"

"మా ఆర్లిస్ వట్టి నోటి మనిషి. నీకూ తెలుసు."

"నాకా? నాకు నీ తమ్ముడి గురించి నీకంటే ఎక్కువ తెలుసు." మళ్ళీ అదే నవ్వు. "ఇంటికెళ్ళు ఓర్ఫా. సంతకం పెట్టాలా వద్దా అని వాణ్ణే అడుగు. వాడేం చెబితే అదే చెయ్యి. చీకటి పడ్డాక కాగితం కోసం వస్తాను."

*

బెదిరింపు ఆమెని భయపెట్టలేదు. ఆ నవ్వు భయపెట్టింది. చేతిలో తురుపు ముక్క లేకుండా లవెల్ నవ్వడు.

ఓర్ఫా ఇంటికి వెళ్ళలేదు. అంత్యక్రియల ఇంటి వెనక గదికి వెళ్ళింది. తండ్రి ఎన్‌లార్జరు లిండ్ దానికంటే పెద్దది. పోయినవాళ్ళ మొహం గోడకి పెట్టుకునేంత పెద్దదిగా కావాలనే చుట్టాల కోసం కొన్నది. నెగెటివ్ అందులో పెట్టి, దీపముండే తలని స్తంభం చివరిదాకా ఎత్తింది. లూడీ చేతులు బల్ల దాటి కిందికి జారిపోయాయి. బల్ల నిండా కిటికీ ఒక్కటే మిగిలింది.

ముందున్నవాడు క్రాండల్. కాపలా టోపీ, పొట్ట. రెండు చేతుల్లో రెండు డబ్బాలు నిటారుగా వేలాడుతున్నాయి.

వెనకవాడి మొహం అవతలికి తిరిగి ఉంది. వాడికీ రెండు డబ్బాలు. ఎడమ చేతి డబ్బా నేలకి దగ్గరగా వేలాడుతోంది. కుడి చేతిది మాత్రం నడుం దగ్గరే ఆగిపోయింది, మోచేయి వంగి, బరువంతా భుజం మీదికి లాగుతూ.

ఓర్ఫా ముక్కాలి పీట లాక్కుని కూచుంది.

మొహం చూడాల్సిన పని లేదు. ఆ చెయ్యి నీళ్ళ బకెట్టు ఎలా మోస్తుందో, బొగ్గు తట్ట ఎలా మోస్తుందో, తండ్రి శవపేటిక ఎలా మోసిందో ఆమెకి తెలుసు.

జేబులో రెండో కాగితం ఉంది. ప్రమాదం అని ఒక్క మాట రాసి సంతకం పెడితే అయిపోతుంది. నెగెటివ్ ముక్క పొయ్యిలో పడేస్తే నిమిషం కూడా పట్టదు. మినెసోటాలో లిండ్ కోసం ఎవరేడుస్తారో ఆమెకి తెలీదు. ఇక్కడ ఆర్లిస్ కోసం ఎవరేడుస్తారో తెలుసు.

కానీ జైల్లో ఇద్దరు ఉన్నారు, చెయ్యని పనికి. అదీ కాక, ఇంకో సంగతి ఆమె మనసులో మెల్లగా, చలి పాకినట్టు పాకింది. ఒక ఫోటో కోసం మనిషిని చంపినవాళ్ళు, ఆ ఫోటోలోని మనిషిని ఎన్నాళ్ళు బతకనిస్తారు? లవెల్‌కి పదవి ఉంది. క్రాండల్‌కి కంపెనీ ఉంది. ఆర్లిస్‌కి ఉన్నదల్లా నాలుగు మాటలకి ఎర్రబడే మొహం, నోరు జారే అలవాటు.

ఆమె లేచి ఎర్ర బల్బు వేసింది. కాగితం ట్రేలో ముంచి, బొమ్మ తేలేదాకా నిలబడింది.

ఆ తర్వాత కొండ దాటి, పక్క కౌంటీలో ఉన్న రాష్ట్ర పోలీసు ఠాణాకి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఇంట్లో భోజనాల వేళైంది.

*

బల్ల మీద ఉడికించిన చిక్కుళ్ళు, వేయించిన బంగాళాదుంపలు. డెల్ఫియా రొట్టె కోస్తోంది. ఆర్లిస్ పొద్దుటి అలక మరిచిపోయి రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"ఏం తేల్చావు?" అన్నాడు హోబర్ట్.

"హత్య అని రాశాను." ఓర్ఫా కుర్చీ లాక్కుని కూచుంది. "కాగితం, నెగెటివ్, రెండూ రాష్ట్ర పోలీసులకి ఇచ్చేశాను."

"ఏం నెగెటివ్?" అన్నాడు ఆర్లిస్.

"షెడ్డు తగలబడిన రోజుది. లవెల్ కారు, క్రాండల్ అందులో ఉన్నారు." ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "నువ్వూ ఉన్నావు."

డెల్ఫియా చేతిలోని రొట్టె కోసే కత్తి పళ్ళెం అంచుకి తగిలిన చప్పుడైంది.

"వాడు కాదే," అంది డెల్ఫియా. "ఆ రోజు వీడు చేపలకి వెళ్ళాడు. నాతో చెప్పి వెళ్ళాడు."

"అమ్మా," అన్నాడు ఆర్లిస్. ఆ ఒక్క మాటతో ఆవిడకి అర్థమైపోయింది.

హోబర్ట్ చెంచా కింద పెట్టాడు. "జైల్లో ఉన్నవాళ్ళలో ఒకడు, గని కూలినప్పుడు నన్ను రాళ్ళ కింద నించి లాగినవాడురా," అన్నాడు. దగ్గలేదు. గొంతు పెంచలేదు.

"డబ్బాలు మోశానంతే బావా! సమ్మె ఆగితే ముందు నాకే పని ఇస్తామన్నారు. షెడ్డు పాతదే, ఎవరికీ దెబ్బ తగలదన్నారు. ఆ ఫోటోల మనిషిని నేను వేలితో కూడా ముట్టుకోలేదు. దుకాణం ముందు అరిచింది కూడా, వాడు ఏమేం ఫోటోలు తీశాడో భయమేసి. గురువారం వాడు ఫోటో పట్టుకుని నేరుగా లవెల్ దగ్గరికే వెళ్ళాడట. నాకు ఆ రాత్రి క్రాండల్ చెప్పాడు. నువ్వు నోరు మూసుకో, లేకపోతే వంతెన ఇంకోసారి ఊగుతుంది అన్నాడు." ఆర్లిస్ అక్క వైపు తిరిగాడు. "నేను చెబితే నన్ను చంపేస్తారక్కా!"

"చెప్పకపోతే చంపుతారు. చెప్పేశాక చంపి వాళ్ళకి లాభం లేదు."

"జైలు కదా?"

"జైలే. నేనేం దాచను. రేపు రాష్ట్ర పోలీసులు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పట్టుకుంటే ఒక లెక్క. ఇవాళ నీ కాళ్ళతో నువ్వెళ్ళి చెబితే ఇంకో లెక్క. లోపలికి వెళ్ళినా, ఏదో ఒక రోజు బయటికి నడిచి వస్తావు."

ఆర్లిస్ తల్లి వైపు చూశాడు. డెల్ఫియా కొడుకు మొహం చూడలేదు. కోసిన రొట్టె ముక్కల్ని ఒక్కొక్కటే తీసి శుభ్రమైన గుడ్డలో పేర్చి మూట కట్టింది. ఆ మూట వాడి ముందుకి జరిపింది.

కిటికీ అవతల కొండ నీడ రోడ్డు మీదికి దిగుతోంది. లవెల్ వస్తానన్న చీకటికి ఇంకా కాస్త వ్యవధి ఉంది.

"కోట్లు వేసుకోండి," అంది ఓర్ఫా, మామూలు గొంతుతోనే, అందరికీ వినిపించేలా. "అమ్మా, పొయ్యి ఆర్పెయ్. ఈ రాత్రి ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. నలుగురం కొండ దాటుతున్నాం. అక్కడ ఆర్లిస్ తన నోటితోనే అంతా చెప్తాడు."